అడగకముందే చెప్పండి: టెక్సాస్‌లో అద్దె ఇల్లు, చిన్న వ్యాపారం, స్థానిక పన్ను

డల్లాస్ చుట్టుపక్కల ఊళ్ళలో కొత్తగా దిగిన తెలుగువాళ్ళకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఎలా తెచ్చుకోవాలో, డ్రైవింగ్ లైసెన్సుకు ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో చెప్పడానికి పదిమంది ఉంటారు. కాస్త నిలదొక్కుకున్నాక ఇంటికి వచ్చే మరో రకం ఉత్తరాల గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఒకటి సిటీ కోడ్ విభాగం నుంచి వస్తుంది: ఫలానా రోజున ఈ అద్దె ఇంటిని తనిఖీ చేస్తామని. ఇంకొకటి కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి వస్తుంది: మీ వ్యాపారంలో ఉన్న సామాను, సరుకు విలువెంతో రాసి పంపమని. మొదటిది ఓనరు చూసుకుంటాడులే అని, రెండోది మనదేముంది చిన్న వ్యాపారమే కదా అని పక్కన పెట్టేస్తారు. ఈ రెండు ఉత్తరాల వెనక ఉన్న చట్టాలు వేరు, ఆఫీసులు వేరు, కానీ వాటి తీరు ఒకటే. మీరు పలకకపోతే వాళ్ళు ఆగరు. మీ తరఫున వాళ్ళే ఒక లెక్క వేసుకుంటారు, ఆ లెక్క మీకు అనుకూలంగా ఉండాలన్న నియమం ఏమీ లేదు. గడువులోపు, కాగితం మీద, ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళకే ఇక్కడి చట్టం అండగా నిలుస్తుందనీ, మౌనంగా ఉండటమే అన్నిటికన్నా ఖరీదైన పద్ధతనీ ఈ వ్యాసం వాదన.

ఇక్కడి స్థానిక ప్రభుత్వాలు మన ఇంట్లోకి, కొట్లోకి ఇంతగా ఎందుకు తొంగిచూస్తాయో ముందు తెలియాలి. టెక్సాస్‌లో వ్యక్తుల మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 2019లో దాన్ని రాజ్యాంగంలోనే నిషేధించారు. ఆస్తి పన్ను వేసే అధికారం కూడా రాష్ట్రానికి లేదు. అది పూర్తిగా కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కమ్యూనిటీ కాలేజీ వంటి స్థానిక సంస్థలది. పిల్లల బడి దగ్గర్నుంచి అగ్నిమాపక శాఖ దాకా చాలావరకు నడిచేది ఆ డబ్బుతోనే. ఆస్తులకు విలువ కట్టే పని మాత్రం ఆ సంస్థలు ఎవరికి వారు చేయరు. 1979లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రంలోని 254 కౌంటీల్లో దాదాపు ప్రతిదానికీ ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది. పైగా ఇక్కడ ఆస్తి అమ్మకపు ధరను ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నిబంధన లేదు. కాబట్టి విలువ కట్టేవాళ్ళ పని ఎక్కువగా అంచనాల మీదే నడుస్తుంది. మన ఊళ్ళలో అలవాటైన పద్ధతి వేరు. హైదరాబాద్‌లో దుకాణం పెట్టినవాళ్ళకు జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు ఫీజు దుకాణం వైశాల్యాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి పడుతుంది. అరల్లో ఎంత సరుకుందో ఆ లెక్కలోకి రాదు. అందుకే లోపలి సామాను మీద ఏటా పన్నంటే మనవాళ్ళు మొదట నమ్మరు.

ఆ పన్ను పేరు బిజినెస్ పర్సనల్ ప్రాపర్టీ ట్యాక్స్. ఆదాయం కోసం వాడే, కదిలించగల ప్రతి వస్తువూ దీని కిందికి వస్తుంది: సరుకు, బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు, ఫ్రీజర్లు, పనిముట్లు, వ్యాపారానికి తిప్పే వ్యాను. విలువను జనవరి 1 నాటికి లెక్కిస్తారు. ఇంట్లో మనం దోసెలు పోసుకోవడానికి కొన్న గ్రైండరు మీద పన్ను లేదు, ఎందుకంటే సొంత వాడకానికి ఉన్న గృహోపకరణాలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. అదే కేటరింగ్ కోసం కొన్న పది లీటర్ల టిల్టింగ్ గ్రైండరు, దాని పక్కనున్న స్టీలు బల్ల, డీప్ ఫ్రీజరు, అందులో ఉన్న ఇడ్లీ రవ్వ బస్తాల నిల్వ వ్యాపారపు ఆస్తి. అద్దెకు తెచ్చుకున్న కాఫీ మెషిన్ లాంటిది ఉంటే పన్ను దాని సొంతదారుది, అయినా అది మీ దగ్గర ఉందని అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు పంపే ఫారంలో రాయాలి. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఒక ఇంటిని మంచాలు, సోఫాలు, వాషింగ్ మెషిన్‌తో సహా గెస్ట్ హౌస్‌లా అద్దెకిస్తే ఇంటి మీద మామూలు ఆస్తి పన్ను ఎలాగూ పడుతుంది. లోపలి సామాను కూడా ఆదాయం తెచ్చేదే కాబట్టి అది ఈ రెండో పన్ను పరిధిలోకి వస్తుంది.

భయపడాల్సినంత భారమేమీ కాదు. ఇంతకుముందు 2,500 డాలర్ల లోపు ఆస్తికి మాత్రమే ఉన్న మినహాయింపును 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన తొమ్మిదో ప్రతిపాదన 1,25,000 డాలర్లకు పెంచింది. 2026 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మొదటి దుకాణం పెట్టిన చాలామందికి దీంతో కట్టాల్సింది సున్నా అవుతుంది. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు తప్పు లెక్క వేస్తారు: కట్టేది లేదు కాబట్టి చెప్పేదీ లేదని. మినహాయింపు పరిధిలో ఉన్నామన్నది మన నమ్మకం. దాన్ని ఆఫీసు రికార్డులోకి ఎక్కించేది కాగితం. మొదటి ఏడాదైనా అప్రైజల్ డిస్ట్రిక్ట్‌ను అడిగి, వాళ్ళు కోరిన రూపంలో ఆ మాట రాసి పంపి, నకలు దగ్గర పెట్టుకోవడం ఒక పూట పని. పరిమితి దాటినవాళ్ళ సంగతి అంకెల్లో చూద్దాం. ఒక కిరాణా కొట్టులో సరుకు, సామాను కలిపి నిజంగా 2,00,000 డాలర్ల విలువ ఉందనుకోండి. మినహాయింపు పోగా మిగిలేది 75,000. సిటీ, కౌంటీ, స్కూలు రేట్లు కలిపి వందకు రెండు డాలర్లు అనుకుంటే పన్ను 1,500. ఫారం పంపకుండా ఊరుకుంటే ఆఫీసు తన అంచనా తాను వేస్తుంది. ఆ అంచనా 3,00,000 అయితే పన్ను 3,500 అవుతుంది. ఫారం వేయనందుకు పన్ను మీద 10 శాతం జరిమానా కలిస్తే 3,850. అదే కొట్టు, అదే సరుకు. తేడా అంతా పంపని ఒక ఫారంది.

రెండిషన్ అనే ఆ ఫారానికి గడువు ఏప్రిల్ 15. రాతపూర్వకంగా అడిగితే మే 15 దాకా పొడిగిస్తారు. జరిమానా పడ్డాక కూడా దారి మూసుకుపోదు: నోటీసు అందిన 30 రోజుల్లోపు కారణాలు చూపి మాఫీ కోరవచ్చు. వేసిన విలువ ఎక్కువనిపిస్తే మే 15లోపు గానీ, నోటీసు పంపిన 30 రోజుల్లోపు గానీ, ఏది తర్వాత వస్తే ఆలోపు అభ్యంతరం దాఖలు చేయవచ్చు. అభ్యంతరం విన్నప్పుడు కొనుగోలు బిల్లులు, స్టాకు లెక్కలు ఉన్నవాళ్ళ మాట నిలుస్తుంది. అసలు ఫారమే పంపనివాళ్ళు ఏ ఆధారంతో వాదిస్తారు? ఇక తెలిసి తెలిసి అబద్ధం రాస్తే, పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం రుజువైతే, జరిమానా 50 శాతం. పన్ను జనవరి 31లోపు కట్టకపోతే ఫిబ్రవరిలోనే జరిమానా, వడ్డీ కలిపి 7 శాతం పడి, నెలనెలా పెరుగుతూ పోతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే: ‘మనంతట మనమే చెబితే లేనిపోని దృష్టి మన మీద పడదా?’ ఈ మాటలో కొంత లోకజ్ఞానం ఉంది, మన ఊరి ఆఫీసుల అనుభవం ఉంది. కానీ ఇక్కడ అది పని చేయదు. సేల్స్ ట్యాక్స్ పర్మిట్ తీసుకున్నప్పుడు, కౌంటీలో వ్యాపారం పేరు నమోదు చేసుకున్నప్పుడు, బోర్డు కట్టి తలుపు తెరిచినప్పుడు మీరు అప్పటికే కనబడ్డారు. దాక్కోవడానికి ఇక మిగిలింది విలువ ఒక్కటే, దాన్ని వాళ్ళు ఊహించుకోగలరు. పైగా రెండిషన్‌లో రాసిన వివరాలు గోప్యమని టెక్సాస్ ట్యాక్స్ కోడ్ చెబుతుంది. పక్క దుకాణం వాడు వెళ్ళి చూడటానికి వీల్లేదు. వీసా మీద ఉన్నవాళ్ళ భయం వేరే సంగతి. హెచ్-1బీ మీద ఉంటూ సొంత వ్యాపారంలో పని చేయవచ్చా, హెచ్-4 వారికి పని అనుమతి కాగితం ఉందా అన్నవి ఫెడరల్ ప్రశ్నలు. వాటికి జవాబు వ్యాపారం మొదలుపెట్టక ముందే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర తేల్చుకోవాలి. కౌంటీకి ఫారం పంపకపోవడం ఆ సమస్యకు మందు కాదు. ఉన్న సమస్యకు ఇంకొకటి జత చేయడం.

నడుస్తున్న గ్యాస్ స్టేషనో, కిరాణా కొట్టో, ఫ్రాంచైజీయో కొనాలనుకునేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. జనవరి 1న ఆ ఆస్తి ఎవరిదో ఆ ఏడాది పన్నుకు బాధ్యత వాళ్ళది, మధ్యలో అమ్మేసినా సరే. అలాగని కొన్నవాడు నిశ్చింతగా ఉండటానికి లేదు. పాత పన్నులు కట్టినట్టు అమ్మేవాడు రసీదో ట్యాక్స్ సర్టిఫికెటో చూపేదాకా ఆ మేరకు సొమ్మును కొనుగోలు ధరలోంచి ఆపి ఉంచాలని చట్టం కొనేవాడి మీదే బాధ్యత పెట్టింది. ఆపకపోతే ధర మేరకు కొన్నవాడూ బాధ్యుడే. అమ్మేది మనవాడే, మాట మీద వ్యవహారం అనుకునే చోట ఇది చేదుగా ఉంటుంది. సర్టిఫికెట్ అడగడం అవతలివాడి నిజాయితీని శంకించడం కాదు. ఇక్కడి పద్ధతిలో అది కొనుగోలులో ఒక భాగం.

ఇప్పుడు ఇంటి తనిఖీ. డల్లాస్ నగరం అద్దె ఇళ్ళను ఏటా నమోదు చేయించుకోమంటుంది, విడి ఇళ్ళను అయిదేళ్ళకోసారైనా తనిఖీ చేసే పద్ధతి పెట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళకు ఎవరి పద్ధతి వాళ్ళది. వీధి దాటితే సిటీ మారే ఈ ప్రాంతంలో మన ఇల్లు ఏ సిటీ కిందికి వస్తుందో, అక్కడి నిబంధన ఏమిటో సిటీ వెబ్‌సైట్లో చూసుకోవాలి. వచ్చిన ఇన్‌స్పెక్టరు మన వంటింటి శుభ్రతకు మార్కులు వేయడానికి రాడు. పడకగదుల్లో స్మోక్ అలారం ఉందా, నొక్కితే మోగుతుందా? కిటికీ లోపలినుంచి తెరుచుకుంటుందా? వేడినీళ్ళు వస్తున్నాయా? వైర్లు బయటికి వేలాడుతున్నాయా? ఏసీ పని చేస్తోందా? డల్లాస్ కోడ్ ప్రకారం ఓనరు ఇచ్చే ఏసీ గదిని బయటి వేడి కన్నా 15 డిగ్రీలు తగ్గించగలగాలి. ఏ పరిస్థితిలోనూ గది 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు, అంటే సుమారు 29 సెల్సియస్. రాష్ట్ర చట్టం మరికొన్ని కలుపుతుంది: బయటి తలుపుకు చూసే అద్దం, తాళంచెవి అవసరం లేకుండా లోపలినుంచి మాత్రమే బిగించే బోల్టు, కిటికీలకు గొళ్ళాలు ఓనరు ఖర్చుతో ఉండాలి. అద్దెకు దిగిన ఏడు రోజుల్లోపు ఓనరు పాత తాళాలు మార్పించాలి. ముందున్న వాళ్ళ దగ్గర తాళంచెవి మిగిలి ఉంటుందేమోనన్న భయానికి చట్టంలో జవాబు ఉందని చాలామందికి తెలియదు.

అయినా ప్రభుత్వం మనిషి పడకగదిలోకి రావడమేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని కొట్టిపారేయలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వారంటు లేని హౌసింగ్ ఇన్‌స్పెక్టరును లోపలికి రానివ్వనందుకు కమారా అనే అద్దెదారు మీద కేసు పెట్టారు. 1967లో కోర్టు అతని పక్షాన నిలిచింది: అత్యవసరమైతే తప్ప, అనుమతి లేకుండా ఇంట్లోకి రావాలంటే వారంటు ఉండాలి, వారంటు అడిగినందుకు శిక్షించకూడదు. అదే రోజు సియాటిల్ కేసులో వ్యాపార స్థలాలకూ ఇదే సూత్రం వర్తింపజేసింది. అయితే తీర్పు రెండో సగం కూడా చదవాలి. ఫలానా ఇంట్లో తప్పుందన్న అనుమానం లేకపోయినా, ఆ ప్రాంతం తనిఖీకి సహేతుకమైన ప్రమాణాలుంటే చాలు, వారంటు ఇవ్వవచ్చని అదే తీర్పు చెప్పింది. అంటే తలుపు దగ్గర వద్దనే హక్కు ఉంది, కానీ అది తనిఖీని వాయిదా వేస్తుందే తప్ప రద్దు చేయదు. కాబట్టి గుర్తింపు కార్డు చూపమని అడగండి, వీలు కాకపోతే వేరే తేదీ ఇమ్మని రాయండి. హక్కు తెలిసి తలుపు తెరవడం వేరు, భయపడి తెరవడం వేరు; తెలిసినవాళ్ళు ఇన్‌స్పెక్టరు వెంట నడిచి, ఏసీ చల్లబరచని గదిని తామే చూపిస్తారు.

కొత్తవాళ్ళలో తనిఖీ అంటే భయం ఎక్కువగా కిక్కిరిసిన ఇళ్ళలోనే. రెండు పడకగదుల ఇంట్లో ఎనిమిదిమంది సర్దుకోవడం ఉద్యోగం వచ్చేదాకా తప్పదని అనుకుంటారు. టెక్సాస్ చట్టం పడకగదికి ముగ్గురు చొప్పున పెద్దవాళ్ళను అనుమతిస్తుంది. రెండు గదులకు ఆరుగురు. లీజులో అంతకన్నా తక్కువ ఉంటే లీజు మాటే చెల్లుతుంది. ఈ పరిమితి దాటనిస్తే చట్టాన్ని మీరినవాడు ఓనరు; మూడు వేల అడుగుల లోపు ఉండే పొరుగువారు కూడా అతని మీద కోర్టుకెళ్ళవచ్చు. నష్టపోయేది మాత్రం లీజులో పేరు లేకుండా పరుపు అద్దె కట్టిన కుర్రవాడే. అతనికి డిపాజిట్ అడగడానికి కాగితం ఉండదు, మరమ్మతు కోరడానికి హోదా ఉండదు. పేరు లీజులో ఎక్కించుకోవడం కూడా అడగకముందే చెప్పడంలో భాగమే.

ఫిర్యాదు చేస్తే ఓనరు ఖాళీ చేయిస్తాడన్న భయానికీ చట్టంలో జవాబుంది, కానీ అది క్రమం తప్పనివాళ్ళకే. ముందుగా మరమ్మతు కోరుతూ రాతలో నోటీసు ఇవ్వాలి; అది సర్టిఫైడ్ మెయిల్‌లో పంపితే రెండోసారి రాయాల్సిన పని ఉండదు. ఏడు రోజులు సహేతుకమైన గడువని చట్టం భావిస్తుంది. అప్పటికీ కదలకపోతే డల్లాస్‌లో 311కు ఫోన్ చేసి కోడ్ విభాగానికి చెప్పవచ్చు. మంచి మనసుతో అలా ఫిర్యాదు చేసిన ఆరు నెలల్లోపు కక్షతో అద్దె పెంచినా, ఖాళీ చేయమన్నా ఓనరు ఒక నెల అద్దె, దానిపైన 500 డాలర్లు చెల్లించుకోవలసి రావచ్చు. అయితే అద్దె బాకీ ఉన్నవాళ్ళకు ఈ రక్షణలు నిలవవు. కోపంతో అద్దె ఆపేయడమే మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. అది ఓనరు చేతికి ఆయుధం ఇవ్వడమే. ఓనరు తెలుగువాడైతే నోటీసు రాయడం మర్యాద కాదనిపిస్తుంది. అన్నా అని పిలుస్తూనే ఈమెయిల్ కాకుండా ఉత్తరం పంపవచ్చు. సంబంధం పాడయ్యేది కాగితం వల్ల కాదు, నెలల తరబడి కారే పైకప్పు వల్ల. ఖాళీ చేసేటప్పుడు కూడా అంతే. కొత్త చిరునామా రాసి ఇస్తేనే డిపాజిట్ 30 రోజుల్లో తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఓనరు మీద పడుతుంది.

ఇల్లు కొని, రెండోది కొనుక్కున్నాక మొదటిదాన్ని అద్దెకిచ్చే తెలుగు ఓనర్లకు ఇదే సూత్రం ఎదురు వైపు నుంచి వర్తిస్తుంది. సొంత నివాసం కింద స్కూలు పన్నులో 1,40,000 డాలర్ల విలువకు మినహాయింపు వస్తుంది. వేరే ఇంట్లో స్థిరపడి పాత ఇంటిని అద్దెకిచ్చాక ఆ మినహాయింపు నిలవదు. చెప్పకుండా ఉంచేసుకుంటే అయిదేళ్ళ దాకా వెనక్కి వెళ్ళి పన్ను వేయగలరు. సిటీలో అద్దె ఇంటిగా నమోదు చేయించి, కౌంటీలో సొంత నివాసంగా ఉంచితే రెండు ప్రభుత్వ రికార్డులు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి.

ఆఖరి అభ్యంతరం బలమైనది. నమోదు ఫీజులు, తనిఖీ ఖర్చులు చివరికి అద్దెలోకే వస్తాయి. ఫారాలు, నకళ్ళు, గడువులు పెద్ద కంపెనీకి గుమస్తా పని, చిన్నవాడికి నిద్రలేని రాత్రి. రెండూ నిజమే. వ్యాపారపు సామాను మీద పన్ను అన్యాయమని వాదించి దాన్ని రద్దు చేసుకున్న రాష్ట్రాలు ఉన్నాయి. ఇల్లినాయిస్ 1979లో, విస్కాన్సిన్ 2024లో ఆ పని చేశాయి. టెక్సాస్‌లో మినహాయింపు పెరిగింది కూడా ఆ వాదన వల్లే. అయితే ఆ మార్పులు వచ్చింది చట్టసభల్లో, ఓట్ల పెట్టెల్లో. ఉత్తరాలకు జవాబివ్వని ఇళ్ళ నుంచి కాదు. మారేలోపు ఉన్న నిబంధనలో చిన్నవాడికి అనుకూలమైన భాగాలు చాలానే ఉన్నాయి: పొడిగింపు, మాఫీ, అభ్యంతరం, గోప్యత, ఆరు నెలల రక్షణ. ఇవన్నీ రాసి అడిగినవాళ్ళకే దక్కుతాయి. కాబట్టి డిసెంబరు చివర్లో వ్యాపారపు సామాను, సరుకు జాబితా బిల్లులతో సహా రాసుకోండి. జనవరి 31లోపు పాత పన్నులు కట్టేయండి. ఏప్రిల్ 15కు ముందే ఫారం పంపండి, మే నెలలో వచ్చే నోటీసులో అంకె సరిచూడండి. అద్దెకు దిగిన మొదటి వారంలోనే తాళాలు, అలారాలు, ఏసీ పరీక్షించి, లోపాలు ఫొటోలతో ఓనరుకు రాయండి. ఇవన్నీ కలిపినా ఏడాదికి రెండు మూడు శనివారాల పని, చేయకపోతే ఎంత పడుతుందో పైన వేసిన లెక్కే చెబుతుంది.